కెరాండిమాల మీద ముసురు

"జట్కా మూడింటికొస్తుంది," అన్నాడు రామం, గోడకున్న మేకుతో.

బాలాంబ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అతను అప్పుడే కచేరీ నుంచి వచ్చి, కోటు విప్పి మేకుకి తగిలిస్తున్నాడు. మాట ఆమెకే. చూపు మాత్రం మేకు దాటి ఇవతలికి రాలేదు.

ఎనిమిది రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస. వడ్డిస్తే తింటాడు, చాలనడానికి చెయ్యి అడ్డం పెడతాడు. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకో, గొడుక్కో, గడప మీద పడుకున్న పిల్లికో చెబుతాడు. కంచం విసిరికొట్టినా బాగుండుననిపించేది బాలాంబకి. విసిరిన కంచానికి చప్పుడైనా ఉంటుంది.

"నేను రాను," అంది.

అతను కోటు జేబులోంచి రుమాలు తీసి మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"రాకపోతే జానకీరామయ్యగారికి ఏటి సెప్పను?"

"తలనొప్పని సెప్పండి."

"అబద్ధాలు నాకంత సులువుగా రావు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. బాలాంబ గుమ్మం పట్టుకుంది.

ఆమె ఆడింది ఒకే ఒక్క అబద్ధం. కొత్త ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడి ఏడాదిన్నర కావస్తోంది. బరంపురం కచేరీల్లో ఉన్న తెలుగు ఉద్యోగుల్లో మద్రాసు వైపు పోదలచినవాళ్ళు గడువులోగా కాగితం పెట్టుకోవాలన్నారు. రామం అప్పుడు మన్యం జ్వరంతో మంచం మీద ఉన్నాడు. వణుకుతూనే కాగితం రాసి, కవరులో పెట్టి, పొద్దున్నే కచేరీ కాగితాల కట్టలు పట్టుకెళ్ళడానికి వచ్చే బంట్రోతు జగ్గన్నకి ఇమ్మని భార్య చేతికిచ్చాడు. జగ్గన్న వచ్చాడు, వెళ్ళాడు. కవరు బాలాంబ పెట్టెలో చీరల అడుగున ఉండిపోయింది. "ఇచ్చావా?" అని అడిగితే "ఇచ్చాను" అంది.

కిందటి శుక్రవారం జాబితా వచ్చింది. హెడ్డు గుమాస్తా జానకీరామయ్య పేరుంది. రామం పేరు లేదు. ఆ సాయంత్రం అతను ఇంటికొచ్చి మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. ఈసారి బాలాంబ పెట్టె తెరిచి కవరు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎందుకు?" అన్నాడు.

ఆమె చెదిరిన చీరలు సర్దుతూ ఉండిపోయింది. ఆ తర్వాత అతనూ అడగలేదు.

వీధిలో జట్కా ఆగింది. దుర్గాంబ గొంతు బండి దిగకముందే ఇంట్లోకి వచ్చేసింది.

"అమ్మా బాలా! ఇంకా తయారవలేదేటే? మబ్బు పట్టేస్తంది, బేగి రా! పులిహోర నేనే పట్టుకొచ్చేను, నువ్వేం సెయ్యొద్దు!"

జానకీరామయ్య భార్య ఆవిడ. పక్క వీధిలోనే కాపురం. ముప్పై ఏళ్ళు బరంపురంలో ఉండి, రోజూ కళ్ళెదుట కనిపించే కెరాండిమాల కొండ ఎక్కకుండా పోతే ఊరు తిడుతుందని జానకీరామయ్య నెల రోజుల కిందట వేసిన పథకం ఇది. శనివారం మధ్యాహ్నం బయలుదేరడం, కొండ కింద పల్లెలో దిగడం, ఆదివారం ఎక్కి దిగి ఇంటికి రావడం. గురువారం నాటికి ఆ దంపతులు సామాను సర్దుకుని విశాఖపట్నం బండి ఎక్కేస్తారు.

బరంపురంలో తనని పేరు పెట్టి పిలిచే ఒకే ఒక్క ఆడమనిషి వెళ్ళిపోతోంది. ఆవిడ ముందు తలనొప్పి నటించడానికి బాలాంబకి మనసొప్పలేదు. నేతచీర కట్టుకుని బయటికొచ్చింది.

రామం గొడుగు చేత్తో పట్టుకుని అప్పటికే జట్కా పక్కన నిలబడ్డాడు. ఆమె ఎక్కబోతుంటే పక్కకి జరిగాడు. చూసేవాళ్ళకది మర్యాదలాగే ఉంటుంది.

*

బస్సు దిగి, ఎడ్లబండి ఎక్కి, పల్లె చేరేసరికి చినుకు మొదలైంది. గోపాలపురం రేవులో తుపాను జెండా ఎత్తారని బస్సు డ్రైవరు చెప్పాడు. "జెండా సముద్రానికి గాని కొండకి కాదయ్యా!" అని జానకీరామయ్య నవ్వాడు. పల్లెలో బడి పాక ఖాళీగా ఉంది. ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు వసారాలో పడుకున్నారు.

తెల్లారేసరికి కొండ లేదు. కొండ ఉండాల్సిన చోట బూడిద రంగు మబ్బు, దాని కింద నాలుగు తాటిచెట్లు, అంతే.

దారి చూపడానికి పుణ్యవతి అనే ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి. కొండ మీద చీపురుగడ్డి కోసి బరంపురం పెద్దబజారులో అమ్ముకుంటుంది. నెత్తి మీద తాటాకు గిడుగు, చేతిలో కొడవలి. ఆకాశం చూసి, బాలాంబని చూసి, ఒడియాలో ఏదో అడిగింది. పొలసరలో పుట్టి పెరిగిన బాలాంబకి ఒడియా తెలుగంత బాగా వచ్చు.

"ఏటంటోంది?" అన్నాడు జానకీరామయ్య.

"ఇలాంటి రోజున ఎవరైనా సరదాకి కొండెక్కుతారా అని అడుగుతోంది బాబాయిగారూ."

"సరదాకి కాదు, మొండికి అని సెప్పమ్మా!"

అందరూ నవ్వారు. రామం కూడా నవ్వాడు, జానకీరామయ్య వైపు తిరిగి.

బాలాంబ ఇరవై ఎనిమిదేళ్ళ బతుకులో మేడమెట్లు తప్ప ఏదీ ఎక్కి ఎరగదు. మొదటి గంట బాగానే గడిచింది. వెదురుపొదల మధ్య ఎర్రమట్టి దారి, తడిసిన ఆకుల వాసన. తర్వాత దారి నిటారుగా లేచింది. మట్టి కాళ్ళ కింద సబ్బులా జారుతోంది. చీర తడిసి పిక్కలకి చుట్టుకుంటోంది. రెండుసార్లు మోకాళ్ళ మీద పడింది. రెండుసార్లూ పుణ్యవతే వెనక్కొచ్చి లేపింది.

"ఆస్తే మా, ఆస్తే." మెల్లగా, కాలు చూసి వెయ్యమంది.

రామం పదడుగుల ముందున్నాడు. పడ్డ చప్పుడుకి ఆగేవాడు. లేచిన చప్పుడుకి కదిలేవాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.

సగం దూరం వెళ్ళేసరికి దుర్గాంబ కూలబడింది. "నా వల్ల కాదు. మీరేటైనా అనుకోండి, నేనిక్కడే కూకుంటాను." దగ్గర్లోనే పెద్ద రాతిచరియ గొడుగులా ముందుకి వాలి ఉంది. నలుగురూ దాని కిందకి చేరారు. పుణ్యవతి బయటే గిడుగు కింద గొంతుక్కూచుంది.

దుర్గాంబ విస్తళ్ళలో పులిహోర పెట్టింది. వాన గట్టిగా పడుతుంటే అందరూ తలలు వంచుకుని తింటున్నారు. మాటలు లేకపోతే జానకీరామయ్యకి ముద్ద దిగదు.

"ఏవయ్యా రామం, అన్నీ బాగున్నాయి గాని, ఆ జగ్గన్నని తల్చుకుంటేనే మనసు బాగోలేదయ్యా. రేపు పొద్దున్న దొర సంతకం పెట్టేస్తాడు. ఇరవై రెండేళ్ళ నౌకరీ, ఒక్క గీతతో పోతంది."

రామం ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"ఏ జగ్గన్న?" అంది బాలాంబ.

"మన బంట్రోతమ్మా. ఇంకెవరు? మీ ఆయన కవరు పారేశాడు గదా."

"పారేసినోడు పారేశానని ఒప్పుకుంటే పోయేది," అంది దుర్గాంబ. "దొర ఓ తిట్టు తిట్టి వొదిలేసేవాడు. కవరు నాకెవరూ ఇవ్వలేదు బాబూ అని కాళ్ళమీద పడి ఏడుస్తాడట. ఆ బుల్లమ్మ, వాడి పెళ్ళాం, నిన్న మా ఇంటికొచ్చి గోలపెట్టింది."

బాలాంబ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "పారేశాడని ఎవరన్నారు?"

జానకీరామయ్య ఆశ్చర్యంగా చూశాడు. "రామం నీకు సెప్పలేదేటి? జాబితా వొచ్చిన గంటలోనే మీ ఆయన కాగితం రాసిచ్చేడు గదా, జగ్గన్నకి నా భార్య సొయంగా కవరిచ్చిందని. ఆ రోజే వాణ్ణి పనిలోంచి ఆపేశారు."

బాలాంబ భర్త వైపు చూసింది. అతను విస్తరిలోని కరివేపాకు ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు.

జగ్గన్న ఆమెకి బాగా తెలుసు. జ్వరం రోజుల్లో తెల్లారకుండానే వచ్చి, "బాబుగారికి ఎలాగుందమ్మా?" అని గుమ్మం అవతల నిలబడి అడిగేవాడు. ఆ ఉదయం కూడా అలాగే అడిగాడు. ఆమె ఉత్త కట్టలే చేతికిచ్చి పంపించింది.

రామం విస్తరి మడిచి లేచాడు. "వాన తగ్గింది. నేను పైదాకా ఎల్లొస్తాను."

తగ్గలేదు. ఆ సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది.

"ఎందుకయ్యా? పైన మబ్బు తప్ప ఏటీ అగపడదు," అన్నాడు జానకీరామయ్య.

"ఇంతదాకా వచ్చాక మధ్యలో ఆగడమేటండీ?"

"నేనూ వస్తాను," అంది బాలాంబ.

దుర్గాంబ వద్దంటున్నా వినిపించుకోకుండా చెయ్యి కడుక్కుని వానలోకి నడిచింది.

*

పుణ్యవతి ముందు, రామం వెనక, అతని వెనక బాలాంబ. చెట్లు పలచబడి గడ్డి మొదలైంది. నడుమెత్తు చీపురుగడ్డి గాలికి ఒక పక్కకే పడుకుంటోంది. తూరుపు నుంచి వచ్చే గాలిలో ఉప్పుంది.

పుణ్యవతి ఆగి, దారి కోసుకుపోయిందేమో చూసి వస్తానని, ఇక్కడే ఉండమని సైగ చేసి గడ్డిలోకి వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు.

"జగ్గన్న సంగతి నాకెందుకు సెప్పలేదు?" అంది బాలాంబ.

అతను గొడుగు సరిచేసుకున్నాడు.

"మిమ్మల్నే."

"సెప్తే ఏటి సేస్తావు?"

"కచేరీకొచ్చి నిజం సెప్తాను."

"సెప్పి?" రామం గిరుక్కున తిరిగాడు. ఎనిమిది రోజుల మౌనం ఒక్కసారి తెగింది. "మా ఆయన్ని నేనే మోసం సేశానంటావా? మర్నాటి నుంచి నేను ఆ కుర్చీలో ఎలా కూచోను? పెళ్ళాం దాచుకున్న కవరుకి బంట్రోతు మీద కాగితం రాసిన మొనగాడని ఊరంతా నవ్వదా?"

"మీరు రాసినప్పుడు మీకు తెలీదు. అదేం తప్పు కాదు. సాయంత్రం తెలిసింది గదా. మర్నాడు ఎల్లి ఆ కాగితం వెనక్కి తీసుకోవలసింది."

"సోమవారం తీసుకుందామనుకున్నాను."

"ఆ సోమవారం ఎల్లిపోయింది."

గొడుగు గాలికి ఎదురు తిరిగింది. అతను దాన్ని ముడవబోతే ఒక ఊచ విరిగింది. విసుగ్గా చంకలో ఇరికించుకున్నాడు. కళ్ళద్దాల నిండా నీళ్ళు.

"నాకు నీతులు సెప్పకు. ముందు నువ్వు సెప్పు. ఆ పని ఎందుకు సేశావు? నీకేం అన్యాయం సేశానని?"

ఎనిమిది రోజులుగా ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది బాలాంబ. తీరా అడిగేసరికి చలితో దవడలు కొట్టుకుంటున్నాయి.

"జ్వరంలో మీరేటన్నారో గుర్తుందా? విశాఖపట్నంలో ఇల్లు కుదిరేదాకా విజయనగరంలో అన్నయ్యగారింట్లో ఉందువుగాని, నేను వారానికోసారి వొస్తానన్నారు."

"అంటే? అదేవైనా అడివా? ఇంటినిండా మనుషులు!"

"ఏడుగురు," అంది బాలాంబ. "పెళ్ళైన కొత్తలో మీరు ఛత్రపురంలో ఉద్యోగం సేసుకుంటూ నన్ను మూడేళ్ళు అక్కడ వొదిలేశారు. ఆ మూడేళ్ళలో ఆ ఇంట్లో నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. 'ఏయ్' అనేవారు. 'ఆ ఒడ్ర దేశపు పిల్ల' అనేవారు. నేను గదిలోకొస్తే మాటలాపేసేవారు. ఏడో నెలలో కడుపు పోయినప్పుడు, మూడు రోజులు కొట్టుగదిలో పడుకోబెట్టి గుమ్మంలో గిన్నె పెట్టి పోయేవారు. ఎవరైనా లోపలికొచ్చి, ఎలాగుందే అని ఒక్కమాట అడుగుతారేమోనని గిన్నె చప్పుడైనప్పుడల్లా లేచి కూచునేదాన్ని."

రామం తడిసిన అద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మళ్ళీ ఆ గదిలోకి పోలేననిపించింది. కవరు చేతిలో ఉంది. జగ్గన్న ముందు నిలబడి ఉన్నాడు. ఇవ్వలేకపోయాను."

"ఆ సంగతి నాకప్పుడే సెప్పాల్సింది."

"మూడు ఉత్తరాలు రాశాను. అన్నీ సర్దుకుంటాయి, ఓపిక పట్టమని ఒకదానికి జవాబిచ్చారు."

అతని మొహంలో ఏదో కదిలింది. జాలో, సిగ్గో ఆమెకి తెలియలేదు. తెలిసేలోపే అది కోపంలోకి తిరిగిపోయింది.

"అంటే చివరికి తప్పు నాదేనంటావు. అంతేగా?"

"తప్పు నాదే. నేను..."

అతను ఆగలేదు. విరిగిన గొడుగు గడ్డిలో పారేసి, పుణ్యవతి వెళ్ళిన వైపు కాకుండా నిటారుగా పైకి నడిచాడు. నాలుగడుగుల్లో నడుందాకా మబ్బు కమ్మింది. మరో నాలుగడుగుల్లో మనిషే లేడు.

*

బాలాంబ మొదట కదల్లేదు. వస్తాడనుకుంది. కోపం వస్తే వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి రావడం అతనికి అలవాటే.

మబ్బు దగ్గరికొచ్చింది. ముందు దూరపు గడ్డి పోయింది, తర్వాత దగ్గరి గడ్డి, ఆ తర్వాత తన పాదాలు కూడా మసకగా అయ్యాయి. వాన ఏ వైపు నుంచి పడుతోందో తెలియకుండా అన్ని వైపుల నుంచీ కొడుతోంది.

"ఏమండీ!" అని పిలిచింది.

గాలి ఆ మాటని నోటి దగ్గరే లాగేసుకుంది.

"ఏమండీ!"

పైన ఎక్కడో రాయి దొర్లిన చప్పుడైంది. జారి పడ్డాడేమో. అంచు ఎక్కడుందో తెలీదు, అద్దాలు లేకపోతే అతనికి చెయ్యి చాపినంత దూరం కూడా ఆనదు. అప్పటిదాకా ఉన్న కోపమంతా ఎటుపోయిందో పోయింది. గడ్డి దుబ్బులు పట్టుకుని పాకుతూ పైకి ఎక్కింది. గడ్డి అంచులు అరచేతులు కోస్తున్నాయి.

"ఏమండీ! ఎక్కడున్నారు?"

ఏమండీ అంటే ఎవరైనా కావచ్చు. లోకంలో ప్రతి ఆడదీ ప్రతి మొగుణ్ణీ పిలిచే పిలుపు. ఈ గాలిలో అది తనకేనని అతనికెలా తెలుస్తుంది? పదకొండేళ్ళ కాపురంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది బాలాంబ. నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, బిగ్గరగా పేరు పెట్టి పిలిచింది.

"రామంగారూ!"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"రామంగారూ! పలకండి!"

ఎన్నిసార్లు పిలిచిందో లెక్కలేదు. గొంతు బొంగురుపోయింది. గడ్డి, వాన, తెల్లటి గోడలాంటి మబ్బు. చిన్నప్పుడు పొలసరలో జాతరకి వెళ్ళి తప్పిపోతే, కనీసం చుట్టూ మనుషుల కాళ్ళు కనిపించాయి. ఇక్కడ అవీ లేవు. ఉన్నచోటే కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుంది.

భుజం మీద చెయ్యి పడింది.

"మా!" పుణ్యవతి. గిడుగు లేదు, గాలికి పోయినట్టుంది. చుట్టూ చూసింది. "బాబు కాహాంతి?" అంది, బాబెక్కడని.

తెలియదని చెప్పింది బాలాంబ. కోపంలో పైకి వెళ్ళాడని చెప్పింది. పుణ్యవతి ఇంకేమీ అడగలేదు. మగవాడు కోపంలో ఎటు పోతాడో ఆవిడకీ తెలిసినట్టే ఉంది. తన కొంగు చివర బాలాంబ చేతికి చుట్టి, దూడని లాగినట్టు ముందుకి లాక్కుపోయింది.

శిఖరం మీద ఎప్పుడో ఎవరో దొర కట్టించి వదిలేసిన బంగళా ఒకటుంది. మూడు గోడలు, ఒక మూల మిగిలిన కప్పు. పిలిచిన చోటికి నూరడుగులు కూడా లేదు.

రామం ఆ కప్పు కింద రాతి మీద కూచుని, పంచె కొసతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

బాలాంబ అతన్ని చూసింది. గోడకి చేరబడింది. దెబ్బలు తగల్లేదు. బట్టలకి మట్టి కూడా లేదు.

"పిలిచాను," అంది.

"విన్నాను."

ఆమెకి ముందు అర్థం కాలేదు.

"ఇందాకట్నుంచీ పిలుస్తూనే ఉన్నాను. గాలికి వినబడలేదేమో..."

"విన్నానన్నాను గదా."

"పేరు పెట్టి పిలిచాను. పడిపోయారేమో అనుకున్నాను. పోయారేమో అనుకున్నాను."

అతను అద్దాలు పెట్టుకున్నాడు. బయట వాన వైపు చూశాడు. "పలకాలనిపించలేదు," అన్నాడు నెమ్మదిగా, ఆకలి లేదు అన్నట్టు.

ఇంకేదో అంటాడని ఆమె ఎదురుచూసింది. తిట్టినా సరే. రాలేదు. విజయనగరంలో కొట్టుగది తలుపు దగ్గర గిన్నె పెట్టిపోయే అడుగులు దూరమవుతుంటే ఎలా ఉండేదో సరిగ్గా అలాగే ఉంది. కాకపోతే అప్పుడు, వీళ్ళు కాకపోయినా ఆయనున్నాడు అనుకునేది. ఆ అనుకోవడంతోనే మూడేళ్ళు గడిపింది.

పుణ్యవతి గుమ్మంలోంచి తొందరపెట్టింది. పైన ఇంత వాన పడితే పొద్దున దాటొచ్చిన గెడ్డ, ఆ చిన్న వాగు, పొంగుతుందట. పొంగితే రేపటిదాకా దాటలేరట.

బాలాంబ గోడని వదిలి నిలబడింది.

"ఎల్దాం," అంది పుణ్యవతితో, ఒడియాలో.

"బాబు?"

"వస్తారు."

*

ఎక్కడం కంటే దిగడం కష్టం. దారంతా కాలవ అయిపోయింది. ఒకచోట వెదురు విరిగి అడ్డంగా పడితే దాని కింద నుంచి దేకుతూ వెళ్ళారు. ఒకచోట బాలాంబ కాలు జారి నాలుగు బారలు జారిపోయి, చెట్టు వేరు దొరికి ఆగింది. పుణ్యవతి మణికట్టు పట్టి లాగింది. వెనక నుంచి రామం "జాగ్రత్త!" అని అరిచాడు. ఆమె తిరిగి చూడలేదు.

దిగుతున్నంతసేపూ ఆమె జగ్గన్న గురించే ఆలోచించింది. ఎనిమిది రోజులుగా ఆ మనిషి నాకెవరూ ఇవ్వలేదు బాబూ అని నిజమే చెబుతున్నాడు. వింటున్నవాళ్ళలో ఒక్కరికి అది నిజమని తెలుసు. తెలిసీ పలకలేదు.

రాతిచరియ కింద దుర్గాంబ ఎదురొచ్చి కౌగిలించుకుంది. "ఏటే ఇది, ఏటీ నెత్తురు! చేతులు సూడు ఎలా కోసుకుపోయాయో! మీ ఆయనేడే?"

"వెనకే ఉన్నారు పిన్నిగారూ."

ఆవిడ బాలాంబని కూచోబెట్టి జానకీరామయ్య పొడి కండువాతో తల తుడవసాగింది. ఆ వేళ్ళు జుట్టులో కదులుతుంటే బాలాంబకి ఏడుపు ఉబికి వచ్చింది. గురువారం తర్వాత ఈ చేతులుండవు. ఇప్పుడు నోరు తెరిస్తే, బహుశా ఈ పూట తర్వాతే ఉండవు.

రామం వచ్చి, చరియ అంచున నిలబడి పంచె పిండుకున్నాడు.

"పదండి పదండి," అన్నాడు జానకీరామయ్య. "గెడ్డ పొంగితే రేపు కచేరీకి అందుకోలేం."

"బాబాయిగారూ, ఒక్క మాట," అంది బాలాంబ.

"నడుస్తూ సెప్పమ్మా."

"నడుస్తూ సెప్పలేను." ఆమె లేచి నిలబడింది. "కవరు జగ్గన్న పారెయ్యలేదు. నేనతనికి ఇవ్వలేదు. నా పెట్టెలో దాచేశాను. మా ఆయనకి ఇచ్చానని అబద్ధం సెప్పాను."

దుర్గాంబ చెయ్యి ఆమె భుజం మీదే ఆగిపోయింది.

"ఏటంటున్నావే?"

"నాకు విజయనగరం ఎల్లడం ఇష్టం లేక దాచాను పిన్నిగారూ. జగ్గన్న మాట నాకు ఇందాక మీరంటేనే తెలిసింది. రేపు కచేరీకి నేనొస్తాను. ఎవరి ముందైనా ఇదే సెప్తాను."

దుర్గాంబ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. కండువా బాలాంబ భుజం మీద నుంచి జారి బురదలో పడింది. ఎవరూ తియ్యలేదు.

జానకీరామయ్య మొహంలో వేళాకోళమంతా తుడుచుకుపోయింది. బాలాంబ ఎన్నడూ చూడని, కచేరీలో ఉండే మొహం అది.

"రామం," అన్నాడు. "ఇది నీకెప్పుడు తెలిసిందయ్యా?"

రామం పంచె పిండుతూనే ఉన్నాడు.

"నీకే సెప్తున్నాను. తెలీక కాగితం రాస్తే అది పొరపాటు. ఎవరైనా సేస్తారు. తెలిసీ ఊరుకుంటే, తోటి నౌకరు పొట్ట కొడుతుంటే సూస్తూ కూచున్నట్టు. దొర మొట్టమొదట అడిగేది అదే. ఎప్పుడు తెలిసింది?"

కింద నుంచి గెడ్డ హోరు వినిపిస్తోంది. పుణ్యవతి రెండుసార్లు కేకేసింది.

"ఇప్పుడేనండి," అన్నాడు రామం. గొంతు తడబడలేదు. "మీతోపాటే వింటున్నాను."

బాలాంబ చెవుల్లో హోరు పెరిగింది. అది గెడ్డదో తనదో తెలియలేదు.

జానకీరామయ్య చాలాసేపు అతన్నే చూసి, ఆమె వైపు తిరిగాడు. గొంతు కొంచెం మెత్తబడింది. "నిజమేనా అమ్మా? ఇన్నాళ్ళూ మీ ఆయనకి కూడా సెప్పలేదేటి?"

అప్పుడు రామం తలెత్తాడు. నేరుగా ఆమె కళ్ళలోకి చూశాడు. పెళ్ళిపీటల మీద కూడా అతను అలా చూడలేదు. పెదాలు కదలడం లేదు గాని, ఆ చూపు ఆమెని పేరు పెట్టి పిలుస్తోంది, అవుననమని బతిమాలుతోంది.

"సెప్పు బాలా," అన్నాడు జానకీరామయ్య.